మా యింటి చిఱుతపిల్లి

పిల్లి మనకు క్రొత్తది గాదు. పెరటిగోడమీద, వంటయింటి కిటికీలో, గాదె క్రింద అది తరతరములుగా మనతోడనే యున్నది. ఎవరును దానిని ప్రత్యేకముగా పెంచినట్లు కనబడదు. తనంతట వచ్చును, ఎలుకలను బట్టును, మిగిలిన మజ్జిగయన్నము తిని పోవును. పాలకుండను ఉట్టిమీద పెట్టుకొనుట తప్ప దానివలన మనకు వేఱు శ్రమ లేదు. ఇట్టి పిల్లిని మాత్రమే యెఱిగిన నేను నా అఱువది నాలుగవ యేట, హైదరాబాదులోని మా రెండవ యమ్మాయి యింట, నాలుగు నెలలపాటు వేఱొక విధమగు పిల్లితో వేగవలసివచ్చినది. ఇప్పుడు మన పట్టణములలో ఆ జాతి పిల్లలను వేలకు వేలు పోసి కొనువారు కలరు. కావున నేను పడిన పాట్లును, వానివలన నేర్చుకొన్న నాలుగు సంగతులును సోదరీమణుల కుపయోగపడునని తలంచి వ్రాయుచున్నాను.

దాని పేరు చుక్క. ఇసుకరంగు మేనిమీద నల్లని యంచుగల గోధుమవన్నె మచ్చలు, కడుపుమీద చుక్కలు, పట్టుబట్టవలె మెఱయు పొట్టి వెండ్రుకలు. చూచినవారు "అబ్బ, చిఱుతపులి పిల్లయా!" యనకుండ నుండలేరు. దీనిని బెంగాల్ పిల్లి యందురు. మా యల్లుడు దానిని మూడు నెలల పిల్లగా నున్నప్పుడు వేఱొక పట్టణమునుండి తెప్పించెను. అమ్మినవాడు దాని యందమును గూర్చి గంటసేపు చెప్పెనట. దానికి దినమునకు ఎంత ఆట కావలెనో, ఎంత తోడు కావలెనో మాత్రము ఒక్క మాటయైనను చెప్పలేదట.

2024వ సంవత్సరము జూన్ నెలలో నేను వారి యింటికి పోవునప్పటికి దానికి పదునొకండు నెలలు. ఇల్లు నాలుగవ అంతస్తులోనిది. అమ్మాయియు అల్లుడును ఉదయము ఎనిమిదిన్నరకు ఆఫీసులకు పోయి రాత్రి ఏడు గంటలకు వత్తురు. మనుమనికి ఆఱేండ్లు, వాడు బడికి పోవును. ఆ పదిగంటల కాలమును పిల్లిని ఒక పడకగదిలో బెట్టి తలుపు వేసెడివారు. ఎందుకని యడుగగా, "బయట వదలినచో ఇల్లు మిగులదమ్మా" అని మా యమ్మాయి చెప్పినది.

అది నిజమేయని నాకు మొదటి రాత్రియే తెలిసినది. మూడుగంటలవేళ చంటిపిల్ల గొంతుతో ఒక్కటే యఱపు. నేను లేచి నడవలోనికి రాగానే ఏ మూలనుండియో దుముకి నా మడమను పట్టుకొన్నది. తెల్లవాఱిన తరువాత చూడగా వంటయింటి అల్మారా తలుపు తెఱచి కందిపప్పు సంచి క్రిందికి లాగియున్నది. స్నానాలగదిలో కొళాయి చుక్కచుక్కగా కాఱుచుండ దానిక్రింద కూర్చుండి పంజాతో నీటిని కొట్టుచున్నది! మనుమని ముంజేతులపై పాతవి క్రొత్తవి కలిసి పది రక్కులుండెను. వీనియన్నిటికంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. అది పడకలను తడుపుచుండెను. నేను వచ్చిన పదునైదు దినములలో మూడుమాఱులు పఱుపులు ఎండకు వేసితిమి.

మూడవమాఱు తడిసినది పిల్లవాని పడక. ఆ రాత్రి మా యల్లుడు నా యెదుటకు వచ్చి, "అత్తయ్యగారూ, ఇక నావలన గాదు. ఆదివారమునాడు చేపల బజారువైపు విడిచి వచ్చెదను. అచ్చట దానికి తిండికి లోటుండదు" అనెను. అతడు కఠినుడు గాడు. నెలలతరబడి సరియైన నిద్ర లేనివాడు. పిల్లవాడు గోడవైపునకు తిరిగి పండుకొని చప్పుడు లేకుండ ఏడ్చుచుండెను. నాకా పిల్లిపై ప్రేమ యేమియు లేదు. మడియు పూజయు గలదానను, అది నా పీటమీద కూర్చున్నను నాకు సరిపడదు. కాని నాలుగవ అంతస్తులో పెరిగి, కుక్కను గాని బండిని గాని యెఱుగని జంతువు వీధిలో రెండు రాత్రులు బ్రతుకుట కష్టమని తెలిసికొనుటకు ప్రేమ యక్కఱలేదు. "ఒక్క నెల గడువియ్యండి, బాబూ. పగలు నే నింటనే యుందును గదా" అని చెప్పితిని. చెప్పిన తరువాత, ఏల చెప్పితినా యని రెండుమూడు మాఱులు అనుకొంటినని కూడ ఒప్పుకొనుచున్నాను.

మొదట చేసిన పని దానిని పశువైద్యురాలికడకు గొనిపోవుట. అదియే మొదట చేయవలసిన పనియని తరువాత తెలిసినది. ఆమె మా కథయంతయు విని నవ్వక, కోపపడక, "పడక తడుపుట చెడుబుద్ధి యని ముందే యనుకొనకండి. అది నొప్పి కావచ్చును. ముందు మూత్రము పరీక్షింతము" అన్నది. పరీక్షలో రాళ్లు లేవు, సూక్ష్మజీవులు లేవు, కాని మూత్రాశయము వాచియున్నది. పిల్లులలో ఈ వాపు తఱచుగా బెంగవలనను, కలతవలనను వచ్చునట. పోయునప్పుడు నొప్పి పుట్టును గనుక, ఆ నొప్పికి ఇసుకతొట్టియే కారణమని అది తలంచి, మెత్తని చోటు వెదకుకొనును. పఱుపుకంటె మెత్తని చోటేది? మగపిల్లి విషయమున ఆమె మఱియొక హెచ్చరిక చేసినది. అది మాటిమాటికి తొట్టిలో కూర్చుండి, చుక్కయైనను పోయలేక మూలుగుచున్నచో తెల్లవాఱువఱకు ఆగరాదు. మూత్రమార్గము మూసికొనిపోయి ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును.

రాత్రి యఱపులకు కారణము కూడ ఆ దినముననే తెలిసినది. చుక్క ఎదకు వచ్చుచుండెను. శస్త్రచికిత్స చేయింపని ఆడపిల్లి, తోడు దొరకనిచో, రెండుమూడు వారముల కొకమాఱు ఇట్లే ఎదకు వచ్చి యఱచుచుండును. మగపిల్లియైనచో తోక నిలువున నెత్తి వణకించుచు గోడలమీద చిమ్మును. అయిదాఱు నెలల వయస్సులో శస్త్రచికిత్స చేయించినచో ఈ రెండును చాలవఱకు రానేరావు. అల్లుడు ఆ మాట ఎవరును చెప్పలేదని నొచ్చుకొనెను. మూత్రాశయపు వాపు తగ్గిన పిమ్మట చుక్కకు శస్త్రచికిత్స జరిగినది. పదిదినములలో కుట్లు మానినవి.

ఇంతకు ఈ బెంగాల్ పిల్లి యెవరు? పేరు మనదే కాని పుట్టుక అమెరికాలో. మన హిమాలయపు పాదములందును, ఈశాన్య రాష్ట్రములందును, పడమటి కనుమలందును చిఱుతపిల్లి యను అడవిజంతు వొకటి కలదు. ఇంటిపిల్లియంతే యుండును, కాళ్లు కొంచెము పొడవు. దాని శాస్త్రనామములో బెంగాల్ పేరున్నది. 1963లో జీన్ మిల్ అను అమెరికా స్త్రీ తాను పెంచుచుండిన అట్టి చిఱుతపిల్లికిని ఒక నల్లని యింటిపిల్లికిని పుట్టిన పిల్లను సాకెను. తరువాత చాల యేండ్లు ఆ పని విడిచినది. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలో విల్లర్డ్ సెంటర్‌వాల్ అను శాస్త్రజ్ఞుడు, పిల్లులకు వచ్చు ఒక రక్తరోగమును చిఱుతపిల్లి తట్టుకొనునేమో యని పరిశోధించుచు కొన్ని సంకరపు పిల్లలను పుట్టించెను. వానిలో కొన్నింటిని తీసికొని ఆమె మరల మొదలుపెట్టినది. ఈ జాతికి 1986లో అమెరికాలోని పిల్లుల సంఘ మొకటి క్రొత్తజాతిగా స్థానమిచ్చెను.

ఇందులో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. 1982లో ఆమె ఢిల్లీకి వచ్చినప్పుడు అచ్చటి జంతుప్రదర్శనశాలలో ఖడ్గమృగముల యావరణలో తిరుగాడుచుండిన ఒక చుక్కల వీధిపిల్లిని చూపించిరట. దానిని అమెరికాకు తెప్పించుకొని తన పిల్లుల వంశములో కలిపినది. కావున వేలు పోసి కొనిన మా చుక్కకు మన వీధిపిల్లియే యొక ముత్తాత! ఈ మాట చెప్పగా మా యల్లుడు ఆ వారములో మొదటిసారి నవ్వెను.

అడవి చిఱుతపిల్లిని పట్టుటగాని, అమ్ముటగాని, ఇంట నుంచుటగాని మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత నేరము. ఇండ్లలో పెంచవలసినది అడవిజంతువునకు నాలుగు తరములైనను దూరమైన పిల్లి. అట్టిది స్వభావములో ఇంటిపిల్లియే గాని, దాని యుత్సాహము మాత్రము మామూలు పిల్లికి రెండింతలు. ఆఫ్రికాలోని సర్వల్ అను పెద్దపిల్లితో కలిపి 1986లో పుట్టించిన సవానా జాతి యింకను పెద్దది. దానిని 2008లో ఆస్ట్రేలియా తన దేశములోనికి రానీయక నిషేధించెను. ఆ కథ మన కక్కఱలేదు.

వైద్యురాలు అడిగిన ప్రశ్నలలో ఒకటి నన్ను ఆశ్చర్యపఱచినది. "ఇసుకతొట్టిని దేనితో కడుగుదురు?" అని యడిగినది. పనిమనిషి ఫినాయిలుతో కడుగుచున్నది, ఇల్లంతయు కూడ దానితోనే తుడుచుచున్నది. శుభ్రతకు ఫినాయిలే గదా మన నమ్మకము! కాని పిల్లి శరీరము ఫినాయిలు వంటి పదార్థములను విఱిచి బయటికి పంపజాలదు. నేలమీద నడిచి, ఆ పాదములను నాకుకొనును గనుక అది దానికి విషము. కలరా ఉండలును అట్టివే. మన మందఱము పెట్టెలో నుంచుకొను పారాసిటమాలు మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణము తీయుటకు. జ్వరమని జాలిపడి ఎవరును వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి కూడ పనికిరావు. బహుమతిగా వచ్చు పూలగుత్తులలోని పెద్ద విదేశపు లిల్లీపూలు దాని మూత్రపిండములను చెఱచును. మనము లిల్లీ యని పిలుచుకొను నేలసంపెంగను గూర్చి గాదు నేను చెప్పునది.

ఆనాటినుండి తొట్టిని సబ్బుతోను వేడినీటితోను కడిగించితిమి. నేల తుడుచుటకు ఉత్త నీరు, వారమున కొకమాఱు కొంచెము సబ్బు. పనిమనిషికి ఇది మొదట నచ్చలేదు, వాసన లేనిదే శుభ్రమెట్లగునని ఆమె వాదము. తడిసిన పఱుపునకు, వాసనను మొదలంట విఱుచు ఎంజైముల ద్రవము దొరకును, దానిని తెప్పించితిమి. మన ముక్కునకు వాసన పోయినను పిల్లి ముక్కునకు పోవలెను, లేనిచో అదే చోటికి మరల వచ్చును. తొట్టిని బట్టలుతుకు యంత్రము ప్రక్కనుండి తీసితిమి. గిరగిర తిరుగు ఆ చప్పుడులో మనమైనను నిశ్చింతగా కూర్చుండగలమా? ఒక పిల్లికి రెండు తొట్టు లుండవలెనట. పెద్ద ప్లాస్టిక్ తొట్లు రెండు కొని, సుగంధము కలుపని సన్నయిసుక పోసి, ఒకటి నడవ చివరను, ఒకటి వసారాలోను ఉంచితిమి. ఉదయము, రాత్రి నేనే శుభ్రము చేసితిని. మడి కట్టుకొనుటకు ముందు చేసెడిదానను లెండి.

తిండి విషయము మా యింట చిన్న చర్చకే దారితీసినది. వారిది శాకాహారపు వంట. చుక్కకు పాలు, పెరుగన్నము పెట్టి, జ్ఞాపకము వచ్చినప్పుడు కొన్న గింజలు వేసెడివారు. పిల్లి శాకాహారి కాజాలదు. టారిన్ అను పదార్థము మాంసములో మాత్రమే దానికి తగినంత దొరకును. అది చాలనిచో పిల్లికి చూపు పోవునని 1975లోను, గుండె చెడునని 1987లోను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. పెద్దయైన పిల్లులకు పాలు కూడ సాధారణముగా అఱుగవు. నేను ఇంట మాంసము వండనిత్తునా? ఇయ్యలేదు. పిల్లులకొఱకే చేసిన డబ్బాతిండి తెప్పించి, వసారాలో దానికి వేఱు పళ్లెము, వేఱు చెంచా పెట్టించితిని. నా ఆచారము నాకున్నది, దాని ఆకలి దానికున్నది. అది దానిని ఎంచుకొని పుట్టలేదు గదా.

ఇక అసలు సంగతి ఆట. వైద్యురాలు మాతో చెప్పిన మాటలలో ఎక్కువగా పనికివచ్చినది ఇదియే. పిల్లి వేటాడి బ్రతుకు జంతువు. ఎలుకలు, పురుగులు, పిట్టలు దినమునకు పదిమాఱులు పట్టి కొంచెము కొంచెముగా తినును. వేకువజామునను, సంధ్యవేళను దానికి వేట బుద్ధి పుట్టును. తెల్లవాఱుజామున మనమీద దుముకుట అందువలననే. పదిగంటలు మూసిన గదిలో కూర్చుండి, పళ్లెములోని తిండి రెండు నిమిషములలో తిన్న యువపిల్లికి మిగిలిన దినమంతయు ఏమి పని? పనిలేని పిల్లి తానే పని కల్పించుకొనును. అల్మారా తెఱచును, కొళాయి త్రిప్పును, మన మడమను ఎలుకగా భావించుకొనును.

నేను ఒక సన్నని వెదురుపుల్లకు జనపత్రాడు కట్టి, దాని కొసను కోడియీకలు రెండు కట్టించితిని. ఈకలు తెచ్చినవాడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్. కుర్చీలో కూర్చుండియే ఆడింపవచ్చును. నా మోకాళ్లు నేలమీద కూర్చుండనీయవు. మొదట నాకు చేత గాలేదు. ఈకలను దాని ముఖము ముందు ఊపితిని, అది నన్ను పిచ్చిదానినిగా చూచి వెళ్లిపోయినది. ఎలుక పిల్లి మూతిమీదికి రాదుగదా! తరువాత తెలిసినది. ఈకలు దానికి దూరముగా ప్రాకవలెను, ఆగవలెను, తలుపువెనుక సగము దాగవలెను, కొంచెము వణకవలెను. అప్పుడు చుక్క పొట్ట నేలకంటించి, వెనుకకాళ్లు ఊపి, ఒక్క గంతు. మూడు నాలుగుమాఱులు తప్పించి, పిమ్మట పట్టనీయవలెను. పట్టుకొన్న దానిని నోట కఱచి వెనుకకాళ్లతో తన్ననీయవలెను. పదునైదు నిమిషములైన తరువాత ఆట మెల్లమెల్లగా తగ్గించి, వెంటనే తిండి పెట్టవలెను. వేట, తిండి, ఒళ్లు నాకుకొనుట, నిద్ర – ఇది దాని క్రమము. ఈ క్రమము తప్పకుండ ఉదయము ఒకమాఱు, సాయంకాలము ఒకమాఱు, రాత్రి పండుకొనబోవు ముందొకమాఱు జరుగవలెను. అల్లుడు ఎఱ్ఱని వెలుతురు చుక్కను గోడమీద త్రిప్పు బొమ్మ యొకటి కొనియుండెను. దానివెంట పిల్లి పరుగెత్తును గాని ఏమియు చేతికి దొరకదు. ఆట ముగిసిన గంటవఱకు గోడలను వెదకుచుండెను. దానిని అటకమీద పెట్టించితిని.

కఱచుట మేము నేర్పినదే. చిన్నపిల్లగా నున్నప్పుడు ఇంటిల్లిపాదియు చేతివ్రేళ్లతో దానిని ఆడించిరి, ముద్దుగా కఱచినది, నవ్విరి. అదే నోరు ఇప్పుడు పెద్దదైనది. చేయి ఆటబొమ్మ కాదని దానికి మరల నేర్పవలసివచ్చినది. కఱచినప్పుడు చేయి లాగుకొనక, కేక వేయక, కదలక నిలిచి, విడువగానే లేచి వెళ్లిపోవలెను. లాగినచో ఎలుక తప్పించుకొనుచున్నదని ఇంకను గట్టిగా పట్టును. నా మడమల రహస్యము కూడ చివఱకు తెలిసినది. నడచునప్పుడు కదలు నా చీర కుచ్చిళ్లే దానికి ఎర! నడవలోనికి పోవునప్పుడు కుచ్చిళ్లు కొంచెము పైకి దోపుకొని, చేతిలోని పాతమేజోడును ముందుకు విసరినచో అది దానివెంట పోవును.

కొట్టవచ్చునా యని చాలమంది యడిగిరి. ప్రక్కయింటావిడ నీళ్లసీసా చిమ్ముమని చెప్పినది. అల్లుడు నేను రాకముందు అదియు చేసి చూచెను. పిల్లి తెలిసికొన్నది ఒక్కటే, ఆయన వచ్చినప్పుడు మంచము క్రింద దాగుట. తడుపుట మానలేదు సరిగదా, బెంగ హెచ్చి ఎక్కువైనది. తాను గంట క్రితము చేసిన పనికిని ఇప్పటి దెబ్బకును సంబంధము దానికి తెలియదు. కొట్టినవారి చేయి మాత్రము జ్ఞాపకముండును.

మిగిలిన యేర్పాట్లు త్వరగా జరిగినవి. సరుగుడు కొయ్య ముక్కకు కొబ్బరిత్రాడు బిగుతుగా చుట్టి, క్రింద పలక కొట్టించి, మూడున్నర అడుగుల స్తంభము చేయించితిమి. పిల్లి నిలువున సాగి బరుకుటకు అంత యెత్తు కావలెను, ఊగరాదు. గోళ్లు బరుకుట దానికి స్వభావము, మాన్పరాదు, చోటు మార్చవలెను. సోఫా ప్రక్కనే స్తంభమును నిలిపితిమి. గోడమీద మెట్లవలె మూడు పలకలు కొట్టించి అటకవఱకు దారి చేసితిమి. ఎత్తున కూర్చున్న పిల్లికి నిబ్బరము హెచ్చును. వసారాకు పావురములకని సగము కట్టిన వలను పూర్తిగా కట్టించితిమి. పిట్టనుజూచి దుముకి పైయంతస్తులనుండి పడిపోవు పిల్లులు ప్రతి పట్టణములోను కలవు. పగలు నేను వంటలో నుండగా దానికి వినోదమునకు, పాత అట్టపెట్టెకు చిల్లులు చేసి గింజలు లోపల వేసి యిచ్చితిని. పంజాతో ఒక్కొక్క గింజ లాగుకొనుటకు దానికి అరగంట పట్టును. కొళాయి మోజు తీఱుటకు వెడల్పు పళ్లెములో నీరు పోసి చిన్నబంతి వేసితిమి. పగటివేళ గదిలో మూయుట మానితిమి.

మనుమనికి సాయంకాలపు ఆట వంతు వేసితిని. వాడు నాలుకతో "టక్" మని చప్పుడుచేసి, ఆ క్షణమున ఒక గింజ యిచ్చుచు, పది దినములలో చుక్కకు కూర్చుండుట నేర్పెను. ఆ టక్కు విని అది కూర్చుండి వానివైపు చూచుట నేను కన్నులార చూచితిని. చుక్కకు రేబీసు టీకాలు వేయించియే యుండిరి. అయినను, ఏ పిల్లి రక్కినను కఱచినను సబ్బుతో పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, వైద్యునికి చూపవలెనని వాని తల్లికి మరల చెప్పితిని.

రాత్రి యఱపు మాత్రము తొందరగా పోలేదు. శస్త్రచికిత్స తరువాత ఎద యఱపు పోయినది గాని, మూడుగంటలకు లేపినచో ఎవరో ఒకరు లేచి తిండి పెట్టుదురను అలవాటు మిగిలినది. లేవరాదని అందఱము కట్టుకొంటిమి. మొదటి నాలుగు రాత్రులు మునుపటికంటె ఎక్కువగా నఱచినది. తొమ్మిదవనాటి రాత్రి మా యమ్మాయి మనస్సు కరిగి తలుపు తీసినది. అంతే, మరల మొదటికి వచ్చితిమి! తల్లినైన నేనే దానిని కోపపడవలసివచ్చినది. మఱి రెండు వారములకు అఱపు నిలిచినది.

గడువు నెల ముగియు దినమున మా యల్లుడు ఏమియు మాటాడలేదు. రాత్రి తొమ్మిదింటికి వెదురుపుల్ల తానే తీసికొని కుర్చీలో కూర్చుండెను. చుక్క చాలసేపు మంచము క్రిందనుండియే చూచినది. మూడవనాడు బయటికి వచ్చినది.

అక్టోబరులో నేను మా ఊరికి తిరిగి వచ్చునప్పటికి ఏడువారములుగా పడక తడిసియుండలేదు. మనుమని చేతులు మానినవి. అల్మారాకు గొళ్లెము వేయించిరి గాని దానిని కూడ చుక్క తీయుచున్నదట. సోఫా యొక చేయి పూర్తిగా పోయినది. నేను లేని పగటివేళలకు, గింజలు దాచు అట్టపెట్టెలు మూడు చేసి వేర్వేఱు చోట్ల ఉంచుచున్నారు. ఒకనాడు ఇద్దఱును ఆఫీసులో చిక్కుకొని రాత్రి పదింటికి వచ్చిరట. ఆనాడు తెర లన్నియు నేలమీద నుండెనని అమ్మాయి ఫోనులో చెప్పినది. పడకమీద మాత్రము ఏమియు లేదు.

నేను బయలుదేఱుటకు ముందు రెండవ అంతస్తులోని యొక ఇల్లాలు వచ్చి, తన కూతురి పుట్టినరోజునకు ఇట్టి పిల్లిని కొనియీయదలచితినని, ఎచ్చట దొరకునో చెప్పుమని యడిగినది. పగలు ఇంట నెవరుందురని యడిగితిని. ఎవరు నుండరన్నది. రాత్రి అరగంట ఆట ఎవరాడింతురని యడిగితిని. ఆమె ఆలోచింపసాగినది. వెల సంగతి నే నడుగలేదు, అది చిన్న ప్రశ్న. ఆమెను మెట్లక్రింద వాచ్‌మన్ గదికి పిలుచుకొనిపోయి, అచ్చటి చారలపిల్లి పెట్టిన మూడు పిల్లలను చూపించితిని. ఆమె యింకను తేల్చుకొనలేదు. వానిలో ఒకదానికి ముక్కుమీద నల్లమచ్చ కలదు. మా మనుమడు దానికి అప్పుడే పేరు పెట్టియున్నాడు.